చిగురు ఎవరు గిల్లాలి

తూంకుంట దాటాక కరీంనగర్ రోడ్డు పక్కన మా నర్సరీ. గేటు దగ్గర ఎర్రమట్టి కుప్ప, పక్కన పశువుల ఎరువు, ఇసుక. ఆడవాళ్ళు అక్కడ కూర్చుని మూడూ కలిపి నల్లటి కవర్లలో నింపుతుంటారు. లోపలికి వస్తే పూల మొక్కలు, తర్వాత నీడ వల కింద నిమ్మ, జామ, కరివేపాకు. అన్నిటికంటే వెనక, మామిడి అంట్లు కట్టే షెడ్డు. కార్లలో వచ్చేవాళ్ళకు ఇదంతా పచ్చదనమే. పనిచేసే ఆడవాళ్ళకు మాత్రం ఎప్పుడు ఎక్కడిదాకా రావచ్చో లెక్క ఉంది. మట్టి కుప్ప దగ్గర ఎవరు కూర్చున్నారో చూసి, ఎవరు ‘బయటున్నారో’ చెప్పవచ్చు. నెలలో ఆ నాలుగు రోజులు వాళ్ళు మొక్కను తాకరు. తాకితే మాడిపోతుందని నమ్మకం. యజమానురాలినై, పైగా ఆడదాన్నై ఉండి కూడా ఈ ఏర్పాటు నాకు చాలాకాలం తెలియలేదు. మట్టి పని అందరూ వంతులవారీగా చేస్తున్నారనే అనుకున్నాను.

మా నాయిన బడిపంతులు. ఆదివారం పొద్దున వాకిట్లో చాప పరిచి చర్చ పెట్టేవాడు. దయ్యాలు, జాతకాలు, ముహూర్తాలు, పేరు చివర కులం, ఏదైనా సరే. ఒకటే నియమం. ఎవరు ఏ మాట చెప్పినా ‘నీకెట్ల తెలుసు?’ అని ఎవరైనా అడగవచ్చు. అడిగినవాళ్ళ వయసు చూడకూడదు. నేను ఆ చాప మీద పెరిగాను. పెద్దయ్యాక కాలేజీలో పాఠాలు చెప్పాను, పత్రికలకు వ్యాసాలు రాశాను, సభల్లో పూజారులతోనూ వాస్తు పండితులతోనూ గొంతు చించుకున్నాను. ఉద్యోగం మానేశాక ఈ నర్సరీ పెట్టాను. మొక్కల మీద ప్రేమతో పెట్టానని చాలామంది అనుకుంటారు. స్థలం ఉంది, బోరులో నీళ్ళున్నాయి, చుట్టూ లేఅవుట్లు వస్తున్నాయి. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు. ప్రేమ తర్వాత వచ్చింది.

అంట్లు కట్టే పని మొదటినుంచీ చాచాది. శామీర్‌పేట దగ్గర పల్లె ఆయనది. వాళ్ళ నాన్న కూడా తోటల్లో ఇదే పని చేశాడు. సన్నటి మనిషి, పెద్ద నోరు, బీడీల దగ్గు. తన గురించి తాను చెప్పుకోవడంలో ఏ మొహమాటమూ లేదు. తాను కట్టిన ప్రతి మొక్కకూ ఎర్ర దారం ముక్క ఒకటి చుట్టేవాడు.

“ఎర్ర దారం ఉన్నదా, చాచా చెయ్యి పడ్డట్టు. ఇగ దానికి సావు లేదు” అనేవాడు.

కొంపల్లి విల్లాల నుంచి వచ్చేవాళ్ళకూ ఈ సంగతి పాకింది. ఒకాయన కారు దిగకుండానే అద్దం దించి, “ఎర్ర దారం మొక్కలే కావాలండీ, ఆయన చేతి గుణం మంచిదట కదా” అన్నాడు.

“ఆయన కత్తి పదునుగా ఉంటుందండీ. కట్టు గట్టిగా కడతాడు. అది చేతి గుణం కాదు, పని” అన్నాను.

“ఏదైతేనేంలెండి, ఎర్ర దారమే ఇవ్వండి” అన్నాడాయన.

చాచా నా వైపు చూసి మీసం తడుముకున్నాడు.

చేతి గుణం అనే మాట మీద నాకు కోపం ఇవాళ్టిది కాదు. వైద్యుడికి చేతి గుణం, వంటవాడికి చేతి గుణం, విత్తనం వేసేవాడికి చేతి గుణం. వినడానికి మెచ్చుకోలులా ఉంటుంది. కానీ అది నేర్పడం ఇష్టం లేని సమాజం కనిపెట్టిన మాట. పని పుట్టుకతో వచ్చిన గుణమైతే ఇక దాన్ని ఒకరు నేర్పనక్కరలేదు, మరొకరు అడగనక్కరలేదు. పనివాడి గొప్పా నిలబడుతుంది, పనిరానివాడి సోమరితనమూ నిలబడుతుంది. చిన్న వ్యాపారాలు చేసేవాళ్ళందరం కలిసినప్పుడు ‘మంచి పనివాళ్ళు దొరకడం లేదు’ అని ఒకే పాట పాడతాం. ఉన్నవాళ్ళకు ఏం నేర్పామని ఎవరమూ ఒకరినొకరం అడగం.

ఒక ఎండాకాలం చివర చాచా నా బల్ల దగ్గరికి వచ్చి కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు.

“ఈ వానకాలం అయినంక నేను రాను మేడం. మోకాళ్ళు బందువెట్టినయ్. కూసుంటె లేవస్తలేదు, లేస్తె కూసొస్తలేదు.”

“మరి షెడ్డు ఎవరు చూస్తారు?”

“కడియం నుంచి మనిషిని పిలిపించున్రి. ఆ దిక్కు ఇంటికొకడుంటడు.”

పక్క నర్సరీ ఆయనా అదే సలహా ఇచ్చాడు. నాకు మాత్రం మా దగ్గర ఇన్నేళ్ళుగా మట్టి నింపుతున్నవాళ్ళు గుర్తొచ్చారు. మొక్కలు మోసి, నీళ్ళు పోసి, కలుపు తీసి, వాళ్ళు ఎక్కడ మొదలుపెట్టారో అక్కడే ఉన్నారు. అలా శనివారం గంట మొదలైంది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఒక గంట పని ఆపేస్తాం. ఒకరు తమకు వచ్చినది చూపించాలి, మిగతావాళ్ళు నేర్చుకోవాలి. ఆ గంటకూ కూలి ఉంటుంది.

“సదువుకునే ఒయసా అమ్మా మాది?” అంది నీళ్ళు పట్టే పెద్దమ్మ. ఆమె తూంకుంట మనిషి, ఇక్కడ అందరికంటే పాతది.

“కూసోవెట్టి పైసలిస్తరంటె నీకేం పోయింది, కూసో” అన్నాడు చాచా.

మొదటి శనివారం నేనే మట్టిలో ఆమ్లగుణం గురించి చెప్పాను. చాచా నిద్రపోయాడు. మిగిలినవాళ్ళు మర్యాదకు మేలుకుని ఉన్నారు. రెండో వారం పెద్దమ్మ మొక్క కవరును చేత్తో లేపి, బరువును బట్టి నీళ్ళు కావాలో వద్దో చెప్పడం చూపించింది. అందరూ లేచి కవర్లు ఎత్తి చూశారు, పందేలు వేసుకున్నారు, నవ్వారు. చెప్పడం వేరు, చేతికి ఇవ్వడం వేరు. తర్వాతి వారాల్లో నేను మాట్లాడడం తగ్గించాను.

చాచా వంతు వచ్చింది. వేరుమొక్క తల కోసి, కాండాన్ని నిలువునా చీల్చి, మంచి రకం మామిడి పుల్లను ఉలిలా చెక్కి అందులో దింపి, ప్లాస్టిక్ పట్టీతో బిగించి కట్టడం చూపించాడు. పైన పిల్లలు చప్పరించే ఐసు గొట్టం లాంటి సన్న కవరు తొడిగాడు, పుల్ల ఎండిపోకుండా. అంతా రెప్పపాటులో అయిపోయింది.

“ఎట్ల కడుతున్నవ్ చాచా? మెల్లగ చూపియ్యి” అంది ఒకామె.

“ఎట్లనంటె గిట్లనే. చేతిల బర్కత్ ఉండాలె.”

అడిగినామె సిద్దిపేట దిక్కు నుంచి వచ్చింది. పేరుకంటే ఊరే నిలిచిపోయి, చాచా ఆమెను ‘సిద్దిపేటా’ అనే పిలిచేవాడు. ముప్పై దాటిన మనిషి. పెళ్ళికి ముందు పుట్టింట్లో బీడీలు చుట్టింది. బీడీ చివర దారం చుట్టి బిగించి తెంపే వేగం ఆమె వేళ్ళలో అలాగే ఉంది. ఆ రోజు ప్లాస్టిక్ పట్టీ తీసుకుని, కొమ్మకు కొమ్మను కలిపి ఒక్క చుట్టు చుట్టి బిగించింది. చాచా గోటితో లాగి చూశాడు. ఊడలేదు.

“గిది బీడీ కాదు సిద్దిపేటా, మామిడి. ముట్టిస్తె కాలదు” అన్నాడు.

“ముట్టియ్యకుంటె మంచిదే గద చాచా. నీ లెక్క దగ్గస్తదా?”

అందరూ నవ్వారు. చాచా కూడా నవ్వి, తర్వాత చాలాసేపు ఆమె కట్టునే చూశాడు. ఆ వానాకాలం మొదట్లో ఆమెను షెడ్డులోకి పంపాను. చాచా పనికి పక్కనే ఆమె పని. కత్తి పట్టుకోవడం నేర్చుకోవడానికి చాలా పుల్లలు పాడయ్యాయి. పాడుచేయనిచ్చాం. తర్వాత ఆమె కట్టిన మొదటి విడత బతికింది. చాచా ఎర్ర దారానికి పోటీగా ఆమె తన మొక్కలకు ఒక పాత చీర అంచు చించి పచ్చ దారాలు కట్టుకుంది. వానలు తగ్గాక షెడ్డు ఆమెదే, కూలి కూడా చాచాతో సమానమని చెప్పాను. అది విన్న రోజే ఆమె సాయంత్రం పోతూ గేటు దగ్గర ఆగి, “మా ఆయినకు చెప్పాల్నా ఇప్పుడే, పనైనంక చెప్పాల్నా అమ్మా?” అని అడిగింది.

“ఇప్పుడే చెప్పు” అన్నాను.

రెండో విడత కట్టిన తర్వాత నాకు మేడ్చల్‌లో పని పడింది. అక్కడి మార్కెట్లో కవర్లు, నీడ వల కొనాలి, ఒక బడి ఆవరణలో మొక్కలు నాటించాలి. కొన్నాళ్ళు పొద్దున అటే పోయి సాయంత్రం వచ్చేదాన్ని. ఆ వారంలోనే వాన హఠాత్తుగా తెరిపి ఇచ్చి ఎండ కాసింది. ఆ పని ముగించుకుని ఒక పొద్దున షెడ్డుకు వెళ్ళేసరికి ఆడవాళ్ళంతా గుమ్మం దగ్గర ఉన్నారు. లోపల ఎర్ర దారాల మొక్కలు లేత రాగి రంగు ఆకులు వేసి నిలబడ్డాయి. పచ్చ దారాలవి మాడిపోయాయి. పుల్లలు నల్లబడ్డాయి. ఒకటీ అరా తప్ప ఏదీ మిగల్లేదు.

సిద్దిపేటామె మట్టి కుప్ప దగ్గర కూర్చుని కవర్లు నింపుతోంది. తలెత్తలేదు.

“ఆ దినాలల్ల లోపలికి పోయింటది” అంది పెద్దమ్మ, మెల్లగా చెబుతున్నట్టుగా, అందరికీ వినబడేట్టుగా.

సిద్దిపేటామె అక్కడినుంచే అంది: “నా పిల్లల మీద ఒట్టు, నేను పోలే. నాలుగొద్దులు ఈ కుప్ప కాడికెల్లి లేస్తె ఒట్టు. నువ్వు సూడలేదా పెద్దమ్మా?”

“మరి ఎట్ల సచ్చినయే?”

“నాకేం ఎర్క? నా చేతికి లేనట్టుంది ఆ గుణం.” తర్వాత నాతో అంది: “నన్ను మట్టి కాడనే ఉండనియ్యి అమ్మా. కడియంకెల్లి మనిషిని తెప్పిచ్చుకోన్రి. మా ఆయినకు నేనే చెప్త.”

అప్పుడు తెలిసింది నాకు మట్టి కుప్ప సంగతి. ఒళ్ళు మండిపోయింది. అక్కడే నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను. ముట్టు అంటే ఏమిటో, గర్భసంచిలో ఏం జరుగుతుందో, ఆ రక్తంలో మొక్కను చంపేదేమీ ఎందుకు లేదో చెప్పాను. పొలాల్లో నాట్లు వేసే ఆడవాళ్ళంతా ఆ నాలుగు రోజులు ఇంట్లో కూర్చుంటే దేశంలో అన్నం ఉండేదా అన్నాను. వరి చావదు, పత్తి చావదు, కూలి పని దగ్గర లేని మైల షెడ్డు దగ్గర ఎక్కడినుంచి వచ్చిందన్నాను. బరువు పనికి ఆడది ఎప్పుడూ శుద్ధమే, నైపుణ్యం ఉన్న పని దగ్గరే ఆమెకు మైల అంటుకుంటుంది, ఎందుకో ఆలోచించండి అన్నాను. సభల్లో అయితే ఈ మాటకు చప్పట్లు పడేవి.

నేను ఆగాక చాచా గొంతు సవరించుకున్నాడు.

“మీరు గెలిచిన్రు మేడం. మొక్కలైతే సచ్చినయ్.”

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆయన వెటకారానికి అన్నా అందులో న్యాయం ఉంది. ‘ముట్టు వల్ల చావలేదు’ అని నేను నిరూపించాను, అంతే. ఎందువల్ల చచ్చాయో చెప్పలేదు. ఖాళీగా వదిలేసిన చోట పాత నమ్మకం మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. ‘నీకెట్ల తెలుసు?’ అనే ప్రశ్న వాళ్ళకే కాదు, నాకూ వర్తిస్తుంది.

ఆ శనివారం మాడిన మొక్కలను బయటికి మోయించి చింత నీడలో బల్ల మీద పెట్టించాను. పక్కన కొన్ని ఎర్ర దారం మొక్కలు. ‘దేవుడు’, ‘గుణం’, ‘దిష్టి’ అనే మాటలు తప్ప ఏదైనా చెప్పవచ్చు, కనబడేదే చెప్పాలి అన్నాను. సిద్దిపేటామె దూరంగా కూర్చుంది. రమ్మని బలవంతం చేయలేదు.

“వీటికి మీద కవరు అట్లనే ఉన్నది” అంది ఒకామె పచ్చ దారం మొక్కను తిప్పి చూస్తూ. “చాచావాటికి లేదు.”

“ఇగురు వచ్చినంక తీసేస్తం గద” అన్నాడు చాచా.

కవరు చించి చూశాం. లోపల మొగ్గ విచ్చుకుంది. లేత ఆకులు కవరుకు అతుక్కుని ఉడికినట్టు నల్లబడ్డాయి. పుల్ల అతకకపోవడం కాదు, అతికింది, చిగురించింది, ఊపిరాడక పోయింది.

“ఇంకేముంది?” అన్నాను.

పెద్దమ్మ వంగి చూసింది. “అడుగున చూడున్రి. నాటు ఇగురు ఎంత పెరిగిందో.”

వేరుమొక్క నుంచి, కట్టు కిందినుంచి, పక్క చిగుళ్ళు ఏపుగా లేచాయి. వాటిని ఎప్పటికప్పుడు గిల్లేయాలి. లేకపోతే బలమంతా అవే లాక్కుంటాయి, పైనున్న మంచి రకానికి ఏమీ మిగలదు. చాచా మొక్కల అడుగు నున్నగా ఉంది.

“ఈ కవర్లు ఎప్పుడు తియ్యాలె, ఈ ఇగుళ్ళు ఎప్పుడు గిల్లాలె?” అని అడిగాను.

“మొగ్గ ఇచ్చుకున్న పొద్దే. ఎండ గొడితె ఇంకా జల్దీ” అన్నాడు చాచా.

“ఆ రోజుల్లో ఎవరు చూశారు వీటిని?”

సిద్దిపేటామె కూర్చున్న చోటినుంచే అంది: “నేను బయటుంటి గద. ఎవరు చూస్తరు?”

“చాచా, నువ్వు పక్కనే ఉన్నావు కదా. చూడలేదా?”

“చూసిన” అన్నాడు. మొదటిసారి ఆయన గొంతు తగ్గింది. “రోజూ చూసిన. దాటుకుంట పోయిన.”

“మరి ఎందుకు తియ్యలేదు?”

“అవి ఆమెవి మేడం. పచ్చ దారం గట్టినయ్. ఎవలు గట్టిన మొక్క వాళ్ళే చూసుకోవాలె, గది మా బాబా కాలంకెల్లి ఉన్నది. మంది చెయ్యి వడితె కట్టినోళ్ళ గుణం పోతదంటరు. నేను చెయ్యి పెడితె రేపు బతికినంక ఏమంటరు? చాచా చెయ్యి పడ్డది, గందుకే బతికినయ్ అంటరు. ఆమె పేరు పోతుండె.”

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆమె మీద గౌరవంతోనే ఆ మొక్కలను చావనిచ్చాడు. నేను ఆ వాక్యాన్ని మనసులో రెండుసార్లు అనుకున్నాను, కోపం తెచ్చుకోవడానికి. రాలేదు.

సిద్దిపేటామె లేచి బల్ల దగ్గరికి వచ్చింది. మాడిన మొక్కను చేతిలోకి తీసుకుని అడుగు చిగురును గోటితో గిల్లి చూసింది.

“మరి మొదటి సారి గూడ నేను బయటుంటి గద. అప్పుడెట్ల బతికినయ్?”

అది అసలు ప్రశ్న. మా నాయిన చాప మీద కూర్చోదగ్గ ప్రశ్న. జవాబు ఆమెకే తట్టింది, కాకపోతే ముక్కలుగా.

“అప్పుడు… కట్టిన తెల్లారే నాకైంది. మొగ్గ ఇంక ముడుచుకునే ఉండె. తీసేటానికి ఏం లేకుండె. ఈసారి మొగ్గ ఇచ్చుకునే దినాలల్లనే అయింది.” ఆగింది. “అంటె నేను ముట్టినందుకు కాదు. ముట్టకపోతెనే సచ్చినయా?”

“అరె బాప్ రే” అన్నాడు చాచా.

పెద్దమ్మ ఏమీ అనలేదు. ఆ రోజు ఆమె అనకపోవడమే పెద్ద మార్పు.

ఆ సాయంత్రమే దారాలు తీసేద్దామన్నాను. ఎర్రవీ పచ్చవీ రెండూ. షెడ్డులో ఏ మొక్క ఎవరిదీ కాదు. ఎవరు చూస్తే వాళ్ళే కవరు తీయాలి, ఎవరి కంటపడితే వాళ్ళే చిగురు గిల్లాలి. చాచా చాలాసేపు వాదించాడు. కొంపల్లి వాళ్ళు ఎర్ర దారం అడిగితే ఏం చెబుతారన్నాడు. “నర్సరీలో మొక్క అని చెబుతాను” అన్నాను. “గట్ల చెప్తె ఎవరు కొంటరు మేడం?” అన్నాడు. కొన్నారు. ఇద్దరు ముగ్గురు గొణిగారు, ఒకాయన వెళ్ళిపోయాడు. చాచా వారం రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడాడు. ఆయన పేరు ఆ దారమే. దాన్ని తీయించడం నాకూ తేలికగా లేదు, కానీ ఒకరి పేరు నిలబడడానికి మిగతావాళ్ళంతా మొక్క పక్కనుంచి చూస్తూ దాటిపోవలసి వస్తే, ఆ పేరు అందరికీ బరువే.

ఇంతటితో మొక్కల సమస్య తీరింది. నా సమస్య తీరలేదు. మూడో విడత కట్టాక సిద్దిపేటామె మళ్ళీ నాలుగు రోజులు మట్టి కుప్ప దగ్గరే కూర్చుంది.

“తెలిసింది కదా, ఇంకా ఎందుకు?” అన్నాను.

“తెలిసింది అమ్మా. గని కాలు వడ్తలేదు. లోపలి వాటిని చాచా చూస్తుండు గద. ఇబ్బంది లేదు.”

“చాచా వానలు తగ్గాక రాడు. అప్పుడు నువ్వే కదా షెడ్డు చూసుకోవాలి? నెలకు నాలుగు రోజులు షెడ్డు పెద్ద లేకుండా నడుస్తుందా?”

ఆమె ఇంకో కవరు తీసుకుని మట్టి నింపసాగింది. నేనూ ఇంకా వాదించలేదు. నోటి దాకా వచ్చిన మాటలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ప్రతిదీ ఆమె ముందే విన్నది.

తర్వాతి నెల ఒక సంగతి జరిగింది. గేటు పక్కన, మట్టి కుప్పకు వెనక, పాత నీడ వల ముక్క కట్టి ఉంది. దాని కింద కొన్ని మామిడి అంట్లు. ఎవరు పెట్టారో అడగలేదు. సిద్దిపేటామె మట్టి నింపుతూ మధ్యమధ్య చేతులు కడుక్కుని వాటి దగ్గరికి వెళ్ళింది. ఒకదాని కవరు తీసింది. ఒకదాని అడుగు చిగురు గిల్లింది. పెద్దమ్మ నీళ్ళ గొట్టం పట్టుకుని అక్కడే నిలబడి చూసింది.

“ఏంది చేస్తున్నవే?”

“చూస్తున్న పెద్దమ్మా. సస్తె నావే సస్తయ్. షెడ్డుల గావు.”

“సస్తె నన్ను అనొద్దు మల్ల.”

“నీళ్ళు గూడ నువ్వే పొయ్యి. సస్తె ఇద్దరం అనిపించుకుందం.”

పెద్దమ్మ తిట్టుకుంటూ నీళ్ళు పోసింది. నేను బల్ల దగ్గర కూర్చుని చూస్తూ లేవకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాను. లేచి వెళ్ళి ఉంటే మెచ్చుకునేదాన్ని. మెచ్చుకుంటే అది నా ప్రయోగం అయిపోయేది.

మొక్కలు చావలేదు. ఒకటి మాత్రం ఎండిపోయింది. దాని పట్టీ వదులుగా ఉందని ఆమే చూపించింది. మిగతావి షెడ్డులోకి ఆమే మోసుకెళ్ళి అన్నిటితో కలిపి పెట్టింది. ఏవి ఎక్కడివో ఇక ఎవరికీ తెలియదు.

నమ్మకం పోయిందా అని అడిగాను ఒకరోజు. అడగకుండా ఉండలేకపోయాను.

“ఏమో అమ్మా. మొక్కలైతే సావలే” అంది.

వానలు తగ్గాయి. చాచా చివరి రోజు షెడ్డంతా తిరిగాడు, మోకాలు పట్టుకుని, ఒక్కో చోట ఆగుతూ. దారాలు లేవు కాబట్టి తన మొక్కలేవో ఆయనకూ తెలియలేదు. ఒకదాన్ని చూపించి, “ఇది నాదే. కోత చూడున్రి” అన్నాడు.

“అది నేను గట్టింది చాచా” అంది సిద్దిపేటామె.

“ఎవలు నేర్పిన్రు నీకు?”

“నువ్వేం నేర్పినవ్? బర్కత్ అన్నవ్, అంతే. నేనే చూసి నేర్చుకున్న.”

“చూడనిచ్చిన గద!” అన్నాడు చాచా. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన ఇప్పటికీ అప్పుడప్పుడూ షేర్ ఆటోలో వచ్చి కుర్చీ వేయించుకుని కూర్చుంటాడు. సలహాలిస్తాడు. ఎక్కువ తిట్టేది కట్టు వదులుగా ఉన్నవాటినే.

ఇప్పుడు షెడ్డు సిద్దిపేటామెది. శనివారం గంట నడుస్తోంది. ఈ ఏడు ఆమె ఇద్దరికి అంట్లు కట్టడం నేర్పుతోంది. చాచా లాగా రెప్పపాటులో కట్టి చూపించదు. ఒక్కో చుట్టుకు ఆగి, వాళ్ళ వేళ్ళు పట్టుకుని బిగువు ఎంతో చూపిస్తుంది. అన్నీ మారలేదు. తులసి కుండీల వైపు ఆ నాలుగు రోజులు ఇప్పటికీ ఎవరూ పోరు, పెద్దమ్మ పోనివ్వదు. నేను వాదిస్తూనే ఉన్నాను. ఆమె వింటూనే ఉంది.

మొన్న కొత్తగా నేర్చుకుంటున్న ఇద్దరిలో ఒకామె పొద్దున్నే మట్టి కుప్ప దగ్గర కూర్చుంది. సిద్దిపేటామె షెడ్డు నుంచి గట్టిగా పిలిచింది.

“ఏమే, మొగ్గలు ఇచ్చుకున్నయ్. కవర్లు తియ్యాలె. రా.”

“ఇయ్యాల రాను అక్కా.”

నేను నా బల్ల దగ్గర ఉన్నాను. ఉపన్యాసం మొత్తం సిద్ధంగా ఉంది. సిద్దిపేటామె గేటు దాకా నడిచి వచ్చింది. చేతిలో రెండు మామిడి అంట్లు ఉన్నాయి. వాటిని మట్టి కుప్ప వెనక, ఆ పాత నీడ వల కింద పెట్టింది.

“నువ్వు రాకపోతె ఇవి నీ కాడికి వస్తయ్. ఎండ ముదురుతాంది, పదింటికల్ల తియ్యి” అని చెప్పి షెడ్డుకు వెళ్ళిపోయింది.

ఆ కొత్తామె కాసేపు మట్టి కలిపింది. మొక్కల వైపు చూసింది. మళ్ళీ మట్టి కలిపింది. ఎండ వల మీదికి వచ్చేసరికి లేచి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది.